కాలికి ప్లేటు వేశారు.. ఓడ ప్రయాణం చేయొచ్చా?

ప్రశ్న: మా ఆవిడకు 52 ఏళ్లు. నెల కిందట ఇంటి మెట్ల మీద జారిపడి కుడికాలి చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఇంకో రెండు వారాలు కాలు నేలకు ఆనించొద్దన్నారు. వాకర్ పట్టుకుని ఒంటికాలితో ఇంట్లో తిరుగుతోంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతోంది. ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ పోయే ఓడలో పిల్లలు ముందే అందరికీ టికెట్లు తీశారు. ఇంకా మూడు వారాల టైముంది. ఓడ ఊగుతుంది కదా, తీసుకుపోవచ్చా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఊపు గురించి అంతగా బెంగ పెట్టుకోకండి. పెద్ద ఓడలకు ఊపును అణిచే రెక్కలు నీటి కింద ఉంటాయి. వానాకాలం దాటాక అరేబియా సముద్రం కూడా చాలావరకు నెమ్మదిగానే ఉంటుంది. కాలు సరిగా లేనివాళ్లు పడేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, రాత్రి బాత్రూంకు లేచినప్పుడు. ఆరో వారం ఎక్స్‌రేలో ఎముక అతుకుతున్నట్టు కనబడితే తీసుకెళ్లండి. అయితే ఓడలో వాకర్‌ను నమ్ముకోవద్దు, వీల్‌చైర్ ఉండాల్సిందే. లక్షద్వీప్‌లో దిగే ఆశ మాత్రం ఇప్పుడే వదులుకోండి.

ముందు ఎక్స్‌రే సంగతి. ప్రయాణం నాటికి ఆపరేషన్ అయి ఏడు వారాలవుతుంది. షుగర్ లేనివారికి ఆరు వారాలకు కొద్దికొద్దిగా బరువు మోపమంటాం. షుగర్ ఉంటే అతుకు ఆలస్యమవుతుంది. పైగా అరికాళ్లలో తిమ్మిర్లు, మొద్దుబారడం ఉన్నవారికి ఆ గడువును రెట్టింపు దాకా పెంచాల్సి వస్తుంది. నొప్పి తెలియదు కాబట్టి వాళ్లు తమకు తెలియకుండానే బరువు వేసేస్తారు. స్క్రూ వదులవుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. అందుకే ఎక్స్‌రేతో పాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే) పరీక్ష, అరికాలి స్పర్శ పరీక్ష కూడా చేయించండి.

సర్జన్ ‘20 కిలోల దాకా మోపొచ్చు’ అంటే ఆ 20 కిలోలు ఎంతో కాలికి తెలియాలి. బరువు తూచే మిషన్‌ను నేల మీద పెట్టి, వాకర్ పట్టుకుని, ఆ ఒక్క కాలితో 20 చూపేదాకా మెల్లగా నొక్కమనండి. రోజూ కొన్నిసార్లు చేస్తే అలవాటవుతుంది. విరిగిన కాలు కదలకుండా తొడిగే వాకింగ్ బూటు ఇస్తే దాని మందం వల్ల ఆ కాలు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తవుతుంది. రెండో కాలికి పలుచటి చెప్పులేస్తే నడుం వంకరపోయి తూలుతారు. దానికి సరిపడా మందం అట్ట ఉన్న, వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి.

ముంబైకి రాత్రి స్లీపర్ బస్సు వద్దు. పై బెర్తు ఎక్కలేరు, కింది బెర్తు దొరికినా అంతసేపు కాలు కదలకుండా పడుకోవాలి. కాలి ఆపరేషన్ తర్వాత మొదటి మూడు నెలలు పిక్కలోని రక్తనాళాల్లో గడ్డ కట్టే ముప్పు మామూలు కంటే ఎక్కువ. మీకు శంషాబాద్ దగ్గరే కాబట్టి విమానమే మేలు. 48 గంటల ముందే ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేసి వీల్‌చైర్ చెప్పండి, నడవ పక్క సీటు అడగండి, సర్జన్ దగ్గర ప్రయాణానికి పనికొస్తారన్న చీటీ తీసుకోండి. కారులోనైనా విమానంలోనైనా గంటకోసారి బూటు ఉన్న కాలి వేళ్లు ఆడించాలి, మోకాలు వంచి చాచాలి. బాగున్న కాలి పాదాన్ని పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించాలి. రక్తం పలచబడే మందు కావాలో వద్దో సర్జన్ చెప్పాలి. ఆస్పిరిన్ సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఓడవాళ్లకు ఇప్పుడే మెయిల్ పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. వీల్‌చైర్ దూరే కేబిన్ ఉందా? మామూలు కేబిన్ తలుపులు చాలా ఓడల్లో 22–24 అంగుళాలే, మడత వీల్‌చైర్ మొత్తం వెడల్పు అంతకు మించుతుంది. అలాంటి కేబిన్ దొరక్కపోతే కుర్చీ మడిచి లోపల పెట్టి, తలుపు నుంచి మంచం దాకా వాకర్‌తో వెళ్లాలి. బాత్రూం గడప ఎత్తెంత? ఓడల్లో నీళ్లు బయటికి రాకుండా గడప లేపి కడతారు, ఒంటికాలితో గెంతేవాళ్లు తట్టుకునేది దానికే. స్నానానికి కూర్చునే స్టూలు ఇస్తారా? ఓడలో వీల్‌చైర్లు ఉంటాయి కానీ అవి చాలాచోట్ల ఎక్కించి దించడానికే. రోజంతా వాడుకోనివ్వరు, మీదే తీసుకెళ్లండి.

ఆ కుర్చీ తోసే పద్ధతి ఇంట్లోనే పిల్లలతో ప్రాక్టీసు చేయించండి. గడపకు ఎదురుగా తోస్తే ముందున్న చిన్న చక్రాలు తగిలి ఆగిపోతాయి, కూర్చున్న మనిషి ముందుకు పడతారు. కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు గడప దాటేలా లాగాలి. ఓడ ఎక్కే వంతెన మీద దిగేటప్పుడు కూడా అంతే, వెనక్కి దించాలి. ముంబైలో పోటుకూ పాటుకూ తేడా నాలుగు మీటర్లు దాటే రోజులుంటాయి. పొద్దున చదునుగా ఉన్న వంతెన సాయంత్రానికి నిటారుగా ఉండొచ్చు. వాలు ఎక్కువైతే మొహమాటపడకుండా సిబ్బందిని పిలవండి, అది వాళ్ల పనే.

బయల్దేరే ముందు అందర్నీ ఓ చోట చేర్చి ప్రమాద సమయంలో ఏం చేయాలో చూపిస్తారు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ప్రయాణికుల ఓడ మునిగాక ఈ నిబంధన మరింత బిగించారు. నిజంగా ప్రమాదమొస్తే లిఫ్టులు వాడనివ్వరు. మెట్లు ఎక్కలేని మనిషి ఫలానా కేబిన్‌లో ఉన్నారని ఎక్కగానే రాయించండి. చాలామంది ఈ ఒక్క పనీ మర్చిపోతారు.

గోవాలో ఓడ రేవు గోడకు ఆనుకుని ఆగితే కుర్చీలో దిగి రావొచ్చు. లక్షద్వీప్‌లో అలా కాదు. పగడపు దిబ్బలు, లోతు తక్కువ, అందుకే ఓడ సముద్రంలోనే నిలబడుతుంది, చిన్న పడవల్లోకి మారాలి. పడవ లేస్తూ దిగుతూ ఉంటుంది, అది సమానమైన క్షణంలో అడుగు వేయాలి. రెండు కాళ్లున్నవాళ్లే తడబడతారు. దిగినా అక్కడంతా ఇసుక, వాకర్ కాళ్లు, కుర్చీ చక్రాలు దిగబడతాయి. ఆ రోజు ఆమె డెక్ మీద కాలు ఎత్తిపెట్టుకుని కూర్చుంటే చాలు, తోడుగా ఒకరు ఉండండి. పొద్దున్నే డెక్ కడుగుతారు, ఆరేదాకా బయటికి రానివ్వొద్దు. వాకర్ కింది రబ్బరు బుడిపెలు అరిగి ఉంటే ముందే మార్చండి.

ఇక మందులు. వాంతి రాకుండా వేసుకునే అవోమిన్ వంటి మాత్రలు మత్తు తెస్తాయి. నొప్పికి ట్రామడాల్ కూడా వేసుకుంటే మత్తు, తల తిప్పుడు రెట్టింపవుతాయి. ఈ రెండూ కలపొద్దు. నొప్పికి పారాసిటమాల్ చాలు. వాంతి మాత్ర వేసుకున్న రాత్రి ఒంటరిగా బాత్రూంకు పంపొద్దు, లైటు వేసే ఉంచండి. వాంతులై తిండి తినకపోతే ఆ పూట గ్లిమిపిరైడ్ ఆపాలి, షుగర్ పడిపోతుంది. వాంతులు ఆగకపోతే మెట్‌ఫార్మిన్ కూడా ఆపి ఓడ డాక్టర్‌కు చూపించండి. గ్లూకోమీటర్, మందులు, డిశ్చార్జి సమ్మరీ చేతిసంచిలోనే ఉండాలి.

రోజూ రాత్రి బూటు విప్పి మడమ వెనక, చీలమండ ఎముకల మీద ఎర్రటి మచ్చ, పొక్కు ఉందేమో సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి చూడండి. షుగర్ ఉన్నవారికి బూటు ఒరిపిడికి అక్కడ పుండు మొదలుకావచ్చు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చూపాలి. ఆయాసం, ఛాతీలో పోటు వస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఎక్స్‌రే బాగాలేదంటే సర్జన్ రాసిచ్చిన కాగితంతో తేదీ మార్చమని అడగండి. ఓడ తప్పిపోయిందని పిల్లలు సోమశిలలోనో నాగార్జునసాగర్‌లోనో లాంచీ ఎక్కిద్దామంటారేమో, ఒప్పుకోకండి. ఈ కాలికి ఓడ కంటే లాంచీ కష్టం. రేవు మెట్లు దిగి కదిలే లాంచీలోకి అడుగు వేయాలి, లిఫ్టు ఉండదు, నీటిమట్టం తగ్గేకొద్దీ దిగాల్సిన దూరం పెరుగుతుంది. బూటు తీసేసి, కర్ర లేకుండా ఇంటి మెట్లు ఎక్కి దిగగలిగాక ఆ ముచ్చట తీర్చుకోవచ్చు.