టీవీ యానిమే డైరెక్టర్ అవుతానంటున్న మా మేనకోడలికి

అమ్మలూ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు, అంతా నీ గురించే. టోక్యోలో యానిమేషన్ స్కూల్‌కి అప్లై చేశావంట, టీవీ సిరీస్ డైరెక్టర్ అవుతానంటున్నావంట, ఇంజనీరింగ్ చదివించింది ఇందుకా అని వాడి బాధ. ఫోన్లో నేను నీ తరఫునే మాట్లాడాను, ఆ సంగతి నీకు తెలియాలి. పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. మా ఇంటి పిల్ల ఆ పనిలోకి వెళ్తానంటోందని ఎంత గర్వంగా ఉందో, ఆ పనిలో నేనూ ఉండి వచ్చాను కాబట్టి అంత భయంగానూ ఉంది. మీ నాన్న భయం ఉద్యోగం దొరకదని. నా భయం అది కాదు.

తేలిగ్గా అయిపోయేవి ముందు చెప్పేస్తా. జాపనీస్ పరీక్షలో ఎన్2 లెవెల్ పాసయ్యేదాకా ఇక్కడే చదువు, కుదిరితే దాని పై లెవెల్ ఎన్1. స్టూడెంట్ వీసా మీద వారానికి 28 గంటలకి మించి పార్ట్‌టైమ్ చెయ్యనివ్వరు, దానికీ విడిగా పర్మిషన్ తీసుకోవాలి, కాబట్టి ఖర్చులన్నీ పార్ట్‌టైమ్ మీద నడిచిపోతాయని లెక్కలు వేసుకోకు. డ్రైవింగ్ లైసెన్స్ ఇప్పుడే తీసుకో, నిజంగానే చెప్తున్నా, ఎందుకో కింద రాస్తాను. పోర్ట్‌ఫోలియో నిండా ఫైట్లు పెట్టకు, ఒక ముసలాయన కుర్చీలోంచి లేచి తలుపు దాకా నడిచి వెళ్ళేది వేసి చూపించు, అందులో నీకు ఏం తెలుసో వాళ్ళకి అర్థమైపోతుంది.

ఇంక అసలు విషయం. డైరెక్టర్ అనగానే నీ కళ్ళ ముందు సినిమా డైరెక్టర్ ఉన్నాడేమో, టీవీలో అలా ఉండదు. నేను ఇంటర్ చదివే రోజుల్లో దూరదర్శన్‌లో ఆదివారం మోగ్లీ వచ్చేది, హిందీలో, ఆ టైముకి వీధిలో పిల్లాడు కనపడేవాడు కాదు, మీ నాన్న అయితే స్నానం కూడా చెయ్యకుండా టీవీ ముందు కూర్చునేవాడు. మన అడవి, మన పేర్లు, మన దేశంలోనే తీశారనుకున్నాం. జపాన్ వెళ్ళాకే తెలిసింది నాకు, అది నిప్పన్ యానిమేషన్ వాళ్ళది, 1989లో మొదలైన 52 ఎపిసోడ్ల సిరీస్, డైరెక్టర్ కురోకావా ఫుమియో. మన ఊళ్ళలో అంతమంది పిల్లల్ని కట్టిపడేసిన మనిషి పేరు ఇప్పటికీ మీ నాన్నకి తెలీదు. నీ సంగతే చూడు, ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మర్చిపోయి తెలుగు డబ్బింగ్‌లో షిన్‌చాన్ చూసేదానివి, ఆ సిరీస్‌ని 1996 నించి 2004 దాకా నడిపించింది హారా కెయిచి. ఆయన మొదలుపెట్టింది ప్రొడక్షన్ అసిస్టెంట్‌గా. ఆ తర్వాత డోరేమాన్‌కి స్టోరీబోర్డ్‌లు, అంటే కథని షాట్ షాట్‌గా బొమ్మల్లో చూపే ప్లాన్‌లు, గీసి, ఎపిసోడ్లు చేసి, అలా మెల్లగా పైకొచ్చి, షిన్-ఎయ్ కంపెనీ వదిలేసి తన సొంత సినిమాలు తీసుకునేసరికి వయసు నలభైలు దాటింది. నలభైలు అంటే నీకు ఇప్పుడు చాలా దూరంగా కనిపిస్తుంది, తెలుసు. అయినా నీ పేరు ఎవరికీ తెలియకపోయినా పర్లేదు అనుకోగలవా లేదా అన్నది వెళ్ళేముందు నిన్ను నువ్వే అడుగు, నాకు చెప్పక్కర్లేదు.

అలాగని అందరికీ అంత లేటు అవుతుందని కాదు. క్యోటో యానిమేషన్‌లో యమాదా నవోకో 2009లో కే-ఆన్‌కి డైరెక్టర్ అయినప్పుడు 24 ఏళ్ళు, అంటే నీకంటే కాస్తే పెద్ద. దేజాకి ఒసాము 1970లో అషితా నో జో చేసేటప్పటికి 26. ఆయన గురించి నీకు కచ్చితంగా చెప్పాలి. టీవీలో బొమ్మల సంఖ్యకి ఎప్పుడూ కరువే, టైమ్ ఉండదు, డబ్బు ఉండదు. దేజాకి ఏం చేశాడంటే ముఖ్యమైన క్షణం రాగానే కదలిక మొత్తం ఆపేసి ఒక్క బొమ్మని పెయింటింగ్‌లా గీయించి అలా నిలబెట్టేసేవాడు, చూసేవాళ్ళ గుండె ఆగిపోయేది. బొమ్మలు తక్కువయ్యాయని ఎవరికీ అనిపించదు అక్కడ. ఉన్న దాంట్లోంచే కొత్తది పుట్టించాడు. టీవీ డైరెక్టర్ తెలివంటే నా దృష్టిలో అదే, వేరే ఏదీ కాదు.

నీ బొమ్మ గొప్పగా లేదని ఏడుస్తున్నావంట, మీ అమ్మ చెప్పింది. ఏడవకు. తకాహాతా ఇసావో అసలు బొమ్మలు వేసేవాడే కాదు, టోక్యో యూనివర్సిటీలో ఫ్రెంచ్ సాహిత్యం చదివి 1959లో తోయే అనే యానిమేషన్ కంపెనీలో చేరాడు. 1974లో హైదీ సిరీస్ చేసినప్పుడు ఏడాది పాటు వారం వారం 52 ఎపిసోడ్లు, వాటికి లేఅవుట్లన్నీ, అంటే ఒక్కో షాట్‌లో ఎవరు, ఏది ఎక్కడ ఉండాలో చూపే బొమ్మలన్నీ, మియాజాకి గీశాడు. గీయగలిగే మనిషిని పక్కన పెట్టుకుని, తనకేం కావాలో ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పగలిగాడు. రొట్టె మీద కరిగిన చీజ్ చూసి దేశదేశాల పిల్లలకి ఆకలేసింది, అది బొమ్మలు వెయ్యని డైరెక్టర్ పనే.

దారి రెండు రకాలు. ఒకటి బొమ్మల వైపు నించి: ముందు దోగా, అంటే రెండు ముఖ్యమైన బొమ్మల మధ్యలో వచ్చే బొమ్మలు, తర్వాత గెంగా, అంటే ఆ ముఖ్యమైన బొమ్మలే, తర్వాత ఎన్‌షుత్సు, అంటే ఎపిసోడ్ డైరెక్షన్. రెండోది ప్రొడక్షన్ వైపు నించి, దాన్ని షింకో అంటారు, నేను చేసింది అదే. షింకో అంటే ఎపిసోడ్‌ని చేతుల మీద మోసేవాడు. ఎవరి దగ్గర ఏ కట్, అంటే ఏ షాట్, ఉంది, ఎవరు ఎప్పుడు ఇస్తారు, ఎవరికి జ్వరం, ఎవరు ఫోన్ ఎత్తట్లేదు, అన్నీ వాడి తలలోనే ఉండాలి. లైసెన్స్ ఎందుకన్నానో ఇప్పుడు చెప్తా. నా రోజుల్లో రాత్రిపూట కారేసుకుని టోక్యోలో నెరిమా, సుగినామి, మితాకా అన్నీ తిరిగి యానిమేటర్ల ఇళ్ళ నించి గీసిన బొమ్మల కవర్లు పట్టుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు డిజిటల్ వచ్చి ఆ తిరుగుడు తగ్గింది గానీ చాలా కంపెనీలు షింకో ఉద్యోగానికి లైసెన్స్ ఇప్పటికీ అడుగుతాయి. మన లైసెన్స్ అక్కడ మార్పించుకోవాలి, టెస్ట్ పెడతారు. అక్కడా ఎడమ వైపే నడుపుతారు, అదొక్కటే సుఖం. నిద్రమత్తులో మాత్రం స్టీరింగ్ ముట్టుకోకు. పార్కింగ్‌లో ఆపేసి పడుకో, కవర్ లేటైతే లేటవనీ, తిట్టేవాళ్ళు తిట్టుకోనీ, నువ్వు ప్రాణంతో ఉండు. ఈ లైన్ రెండుసార్లు చదువు.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్నది.

నాతో పాటే పనిచేసిన ఒకబ్బాయి ఉండేవాడు, పేరు, కంపెనీ వద్దులే. షింకోగా కొన్నేళ్ళు కష్టపడి ఎపిసోడ్ డైరెక్టర్ అయ్యాడు, ఎన్‌షుత్సు అంటారు. 12 ఎపిసోడ్ల సిరీస్‌లో తొమ్మిదో ఎపిసోడ్ అతనికిచ్చారు. ఎంత సంబరపడ్డాడో చెప్పలేను, మా అందరికీ కాఫీలు కొనిచ్చాడు. ఒక ఎపిసోడ్ అంటే సుమారు 300 కట్లు. ఒక్కో కట్‌కీ ఒక కవర్, కవర్ మీద సిరీస్ పేరు, ఎపిసోడ్ నంబరు, కట్ నంబరు, పక్కన 3+12 అని ఉంటుంది, అంటే 3 సెకన్ల 12 ఫ్రేములు, సెకనుకి 24 లెక్కన మొత్తం 84 ఫ్రేములు. లోపల లేఅవుట్, ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు ఉండాలో రాసిన టైమ్‌షీట్. యానిమేటర్ వేసిన లేఅవుట్ ముందు ఎన్‌షుత్సు బల్ల మీదకే వస్తుంది, అతను చూసి, కలర్ కాగితం మీద దిద్ది, సాక్కాన్‌కి పంపాలి, అంటే బొమ్మలు సరిచేసే ఆవిడకి. ఆవిడ దిద్దాకే తర్వాతి పని మొదలవుతుంది.

ఇతనికి ప్రతి కట్ అద్భుతంగా రావాలి. మొదటి రెండు వారాలు దిద్దిన కాగితాలు చూస్తే కళ్ళు చెదిరేవి, నిజంగా. ఒక పాప గడప దగ్గర కూర్చుని బూట్లు వేసుకునే కట్ ఉంది, అయిదు సెకన్లది, దాన్నే తీసి పెట్టి, తీసి పెట్టి, మళ్ళీ మళ్ళీ గీసేవాడు. ఈలోగా కవర్లు కుప్ప పడ్డాయి. అవతల సాక్కాన్ చేతిలో పని లేక ఖాళీగా కూర్చుంది. షెడ్యూల్ చూసుకునే డెస్క్ వాళ్ళు వచ్చి అడిగితే నవ్వుతూ, రేపు పొద్దున 40 వదిలేస్తా అనేవాడు. ఎనిమిది వచ్చేవి. నేను పక్కకి పిలిచి అడిగాను, సాయం అడుగు, సగం కట్లు ఇంకొకరికి ఇప్పించుకో, ఇది తప్పేం కాదు అన్నాను. వినలేదు, ఇది నా మొదటి ఎపిసోడ్ అన్నాడు. ఆ తర్వాత బల్ల కింద ఒక అట్టపెట్టె బయటపడింది, నిండా ముట్టుకోని కవర్లు, చార్ట్‌లో మాత్రం అవి చూసేసినట్టు గుర్తు పెట్టి ఉంది.

తర్వాత జరిగింది ఊహించుకోగలవు. వంద పైన కట్లు ఒక్కసారిగా నలుగురైదుగురు సాక్కాన్ల మీద పడ్డాయి, దోగా అంతా రాత్రికి రాత్రి విదేశాలకి పంపారు, వచ్చినవి వచ్చినట్టు అతికించారు. అఫురేకో రోజుకి, అంటే డబ్బింగ్ రోజుకి, తెర మీద బొమ్మల్లేవు, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పే రంగు గీతలు మాత్రం ఉన్నాయి. ఆర్టిస్టులు ఆ గీతలు చూస్తూనే ఏడుపు సీన్ చెప్పారు. అతను వెనకాల కుర్చీలో కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ బూట్ల కట్, అంత ప్రేమగా గీసింది, టీవీలో కదలని బొమ్మగా వెళ్ళింది, కెమెరా పైకి జరుగుతుంది అంతే. మర్నాటి నించి అతను రాలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. వాళ్ళమ్మ ఊరి నించి వచ్చి గది ఖాళీ చేసుకుని తీసుకెళ్ళింది, సామాను కిందకి దింపడానికి నేను సాయం వెళ్ళాను, ఆవిడ నాకు వంగి వంగి క్షమాపణ చెప్తుంటే ఏం చెయ్యాలో తెలియలేదు. ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు, పెళ్ళయింది, కొత్త సంవత్సరానికి కార్డు రాస్తాడు. అందరూ కార్డు మీద బొమ్మ వేస్తారు, అతను వెయ్యడు.

బద్ధకం వల్ల పోలేదు ఆ అబ్బాయి, చేతకాకా పోలేదు. అవట్లేదు అని చెప్పలేకపోయాడు, అంతే. రెండో వారంలో నోరు తెరిచి ఉంటే అసిస్టెంట్‌ని ఇచ్చేవాళ్ళు, ఎప్పుడూ ఇస్తూనే ఉంటారు, అది మామూలే.

ఇది నీకెందుకు ఇంత రాస్తున్నానంటే నీకూ ఈ గుణం ఉంది. ఒసేయ్, ఇంటర్ సెకండియర్ పరీక్షల్లో జ్వరం దాచిపెట్టి వెళ్ళి హాల్లో పడిపోయింది నువ్వు కాదూ? డాక్టర్ ఇంకో రోజు ఆగి ఉంటే అని చెప్పినప్పుడు మీ అమ్మ మొహం నేను చూశాను. అప్పుడు నిన్ను కొట్టాలనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. మార్కులు బాగా వచ్చాయి కదా అత్తా అన్నావు! అక్కడ అలా చేస్తే పక్కన అమ్మ ఉండదు, నాన్న ఉండడు, అందరూ నీలాగే నిద్ర లేకుండా ఉంటారు, నువ్వు పాలిపోయావని గమనించే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే అడగడం ఇప్పుడే అలవాటు చేసుకో, చిన్న చిన్న వాటితో మొదలుపెట్టు. చెప్పినంతమాత్రాన చిన్నతనం ఏం రాదు. తొమినో యోషియుకిని చూడు, 52 ఎపిసోడ్లనుకుని 1979లో మొదలైన ఆయన గండమ్ సిరీస్‌ని మధ్యలో 43కి కుదించమన్నారు. అంతకుముందే ఎన్నో కంపెనీలకి లెక్కలేనన్ని స్టోరీబోర్డ్‌లు గీసిన చెయ్యి కాబట్టి ఏది ఉంచాలో ఏది తియ్యాలో తెలుసు, ఉన్న ఎపిసోడ్లలోనే కథ ముగించాడు. వదిలెయ్యడం కూడా పనిలో భాగమే తల్లీ.

డబ్బు సంగతి. దోగా ఒక్కో బొమ్మకి 200 యెన్ల చుట్టుపక్కల ఉంటుంది, నెలకి 500 వేసినా లక్ష యెన్లు, టోక్యోలో గది అద్దెకే సగం పోతుంది. సిరీస్ హిట్టయితే లాభం వచ్చేది డబ్బు పెట్టిన కమిటీకి, అంటే టీవీ వాళ్ళు, పబ్లిషర్, మ్యూజిక్ కంపెనీ, ఆటబొమ్మల కంపెనీ. డైరెక్టర్‌కి ఫీజు ఇస్తారు. ఇది కొత్త అన్యాయమేం కాదు, 1963లో తెజుకా తన అస్త్రో బాయ్ సిరీస్‌ని ఖర్చు కంటే తక్కువకి టీవీకి ఇచ్చిన దగ్గర్నించీ ఉన్న బాధే, ఆయన ముషి ప్రొడక్షన్ 1973లో దివాలా తీసింది. చాలామంది యానిమేటర్లు ఉద్యోగులు కాదు, కాంట్రాక్ట్ మీద పీస్‌కింత అని చేస్తారు, మనలాంటి విదేశీయులకి ఆ కాగితంతో వర్క్ వీసా కష్టం. అందుకే నెల జీతం ఉన్న ఉద్యోగమే చూసుకో, షింకో పోస్టుల్లో అవి దొరుకుతాయి, బొమ్మల మోజులో దాన్ని తక్కువ చెయ్యకు, హారా అక్కణ్ణించే వచ్చాడని చెప్పాను కదా.

మీ నాన్నతో నేను మాట్లాడతా, ఫీజులో కొంత నేను పెడతాను, ఈ విషయంలో నాతో వాదించకు. స్కూల్ వాళ్ళ ఆఫర్ లెటర్ రాగానే ఫోటో తీసి పంపు. రెండేళ్ళ తర్వాత ఏ కంపెనీ కాంట్రాక్ట్ ఇచ్చినా సంతకం పెట్టకముందే నాకు పంపు, జాపనీస్‌లో ఉన్నా సరే ప్రతి లైనూ నేను చదువుతాను. ఈ ఆదివారం డ్రైవింగ్ స్కూల్‌కి వెళ్ళి పేరు రాయించుకో, సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త