పాత సిస్టమ్ తెరిచే ముందు

అమ్మలూ,

అటక మీది నా పాత పెంటియం కంప్యూటర్ దించి, అందులోని పేజ్‌మేకర్ (పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు తెరుస్తావటగా! మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో, అంత టెన్షన్ కూడా పట్టుకుంది.

ఆ హార్డ్ డిస్క్ వయసు పాతికేళ్ల పైమాటే. ముందు దాన్ని విప్పి, వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫైళ్లన్నీ కాపీ చేసుకో. అది అయ్యేదాకా విండోస్ జోలికి వెళ్లకు.

అందులో ర్యామ్, అంటే పని జరిగేటప్పుడు డేటా ఉండే మెమరీ, 64 ఎంబీ. అది చాలనప్పుడు విండోస్ 98 అప్పటికి అక్కర్లేని డేటాను 4 కేబీ ముక్కలుగా డిస్కు మీది స్వాప్ ఫైల్లోకి నెట్టి, కావాల్సినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ర్యామ్‌కి నానోసెకన్లు పట్టే పని డిస్కుకి మిల్లీసెకన్లు పడుతుంది. ఇంకో ర్యామ్ దొరికితే వేసెయ్, అదే మేలు.

1999లో అందులో ఉన్నది 32 ఎంబీయే. పెళ్లిళ్ల సీజన్, స్కాన్ చేసిన ఫొటోలతో సీ డ్రైవ్ నిండిపోయింది. స్వాప్ ఫైలు పెరగడానికి ఖాళీ ఉండాలని నాకు తెలుసు. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి పద్యాల పుస్తకం మూడు వారాలుగా టైపు చేస్తున్నా. ఆ సాయంత్రం డిస్కులో చోటు లేదని మెసేజ్ వస్తే ఓకే కొట్టేసి, పైగా అట్ట కోసం ఫొటోషాప్ తెరిచాను. డిస్కు పనిచేస్తోందని చూపే ఎర్ర లైటు ఆరదు, డిస్కు గరగరమంటోంది, మౌస్ కదలదు. కాసేపు ఓపిక పట్టాల్సింది. రీసెట్ నొక్కేశాను. డిస్కులో తప్పులు సరిచేసే స్కాన్‌డిస్క్ అయ్యేసరికి పుస్తకం ఫైలు లేదు, దాని బదులు తెరుచుకోని సీహెచ్‌కే ఫైళ్లు, అంటే అది ఏరి దాచిన తెగిపోయిన ముక్కలు, మిగిలాయి. ఫ్లాపీలో ఉన్నవి మొదటి పన్నెండు పేజీలే.

మాస్టారు ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి పదకొండు రాత్రులు నా పక్కన కూర్చుని పద్యం చదివేవారు, నేను కొట్టేవాణ్ణి. మీ అమ్మ ఇద్దరికీ క్యారేజీ పంపేది. ఆ తర్వాతే ర్యామ్ 64 చేయించాను.

కాబట్టి సీ డ్రైవ్‌లో కనీసం 300 ఎంబీ ఖాళీ చెయ్యి, డీఫ్రాగ్ చెయ్యి, అంటే డిస్కు మీద చెదిరిన ఫైళ్ల ముక్కల్ని ఒకచోటికి చేర్చు. ఆపైన మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పెర్ఫార్మెన్స్, వర్చువల్ మెమరీ. స్వాప్ ఫైలు సైజు పెట్టేది అక్కడే. మినిమమ్, మ్యాక్సిమమ్ రెండూ 192 ఎంబీ పెట్టు. అప్పుడు ఆ ఫైలు పెరగదు, తగ్గదు. అదే డిస్కులోని డీ డ్రైవ్‌కి మార్చి లాభం లేదు, డిస్కు మీద చదివే హెడ్ అటూ ఇటూ పరిగెత్తడమే. యూపీఎస్ లేకుండా ఆన్ చేశావో, చెవి మెలిపెడతాను! ఎర్ర లైటు వెలుగుతున్నంతసేపూ రీసెట్ ముట్టుకోకు తల్లీ. చేతులు కట్టుకుని కూర్చో.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆ పుస్తకం ‘పద్యాలు’ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, అను అనే పాత తెలుగు ఫాంట్లు వేస్తేగానీ అక్షరాలు కనబడవు. తెరుచుకోగానే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా సరే, మొదటి పద్యం చదివి వినిపించు.

మీ మామయ్య