కక్కు కొట్టిన వెండి

చిరంజీవి అమ్మాయికి,

రామన్ వెలుగుని పెంచే గరుకు వెండి రేకుల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. ఏడు పేజీల్లో ఆరో పేజీ అడుగున, బ్రాకెట్లో పెట్టి ఒక వాక్యం రాశావు: 'రాత్రి తయారుచేసిన ఫలకం పొద్దున్నకి నల్లబడేది, మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సి వచ్చేది.' వాక్యం చదివి కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ తర్వాత బ్రాకెట్ చూసి ఒళ్ళు మండింది. ఈ రెండూ జరక్కపోతే ఒక కార్డు మీద 'బాగుంది, రాస్తూ ఉండు' అని గిలికి పోస్టులో వేసి ఊరుకునేవాణ్ణి.

భాష శుభ్రంగా ఉంది. ఆ మాట చెప్పేశాను.

ఇక మొదటి పేజీ. 1928 ఫిబ్రవరి 28, కలకత్తా, వస్తువుని తాకిన వెలుగు రవ్వంత రంగు మార్చుకుని బయటికొస్తుందని కనిపెట్టిన రామన్, ఆయన చిన్నప్పుడు మన విశాఖపట్నంలో చదువుకున్నాడన్న గర్వం. నేనూ ఇలాగే మొదలుపెట్టేవాణ్ణి, అందుకే నిన్ను అనే హక్కు నాకు సగమే ఉంది. ఫిబ్రవరి రాగానే సంపాదకులకి రామన్ గుర్తొస్తాడు, మార్చి ఒకటికి మర్చిపోతారు. కృష్ణా జిల్లాలో పుట్టి, రామన్ దగ్గర పనిచేసి, వాల్తేరులో ఫిజిక్సు చెప్పిన భగవంతం గారి మీద ఒకసారి ఫిబ్రవరి కాని నెలలో రాసి పంపాను. 'ఈయనెవరో పాఠకులకి తెలియదండీ' అని తిరిగొచ్చింది. తెలియదు కాబట్టే కదయ్యా రాసింది! సరే, పాత గొడవ.

రెండో పేజీ నుంచి అయిదో పేజీ దాకా 'నానో' అన్న మాట లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. 'విప్లవాత్మక' తొమ్మిది. నువ్వు రెండేళ్ళుగా చేస్తున్న అసలు పనికి దక్కింది అర వాక్యం: 'వెండి ఫలకాన్ని ప్రామాణిక పద్ధతిలో విషమ ఉపరితలంగా మార్చి...' మార్చి? ఎవరు మార్చారమ్మా? ఎలా మార్చారు? నీ చేతులు ఏమయ్యాయి?

నేను చెప్పనా నువ్వేం చేశావో? వెండి రేకుని ముందు ఉప్పు కాగితంతో రుద్దావు. తర్వాత తడిగుడ్డ మీద అల్యూమినా పొడి వేసి రుద్దావు. ముందు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడి, తర్వాత 0.3, చివరికి 0.05. నీ మొహం అందులో కనిపించేదాకా. అంత కష్టపడి అద్దం చేసిన దాన్ని పొటాషియం క్లోరైడ్ నీళ్ళలో ముంచి, కరెంటిచ్చి, చేజేతులా పాడుచేశావు. వోల్టేజి పెంచితే పైపొర వెండి క్లోరైడుగా మారి తళతళ పోయింది. వోల్టేజి వెనక్కి తిప్పితే క్లోరిన్ వదిలిపోయి వెండి మళ్ళీ వెండయింది. కానీ తిరిగొచ్చిన వెండి తన పాత చోట కూర్చోదు. ఎక్కడ పడితే అక్కడ బుడిపెలు బుడిపెలుగా పేరుకుంటుంది. నీక్కావలసింది ఆ బుడిపెలే.

'గరుకే కావాలంటే ఉప్పు కాగితం దగ్గరే ఆగొచ్చుగా, అద్దం చెయ్యడం ఎందుకు?' అని నీ పాఠకుడు అడుగుతాడు. అడగాలి. ఉప్పు కాగితం గీతలు మైక్రాన్లలో ఉంటాయి. ఆకుపచ్చ లేజరు అల పొడవు 532 నానోమీటర్లు, అంటే మైక్రాన్లో సగం పైచిలుకు. దాని ముందు ఆ గీతలు వాగుల్లాంటివి, వాటితో పని జరగదు. పదుల నానోమీటర్ల బుడిపెలు కావాలి, అవీ పక్కపక్కనే ఉండాలి. పైగా ప్రతిసారీ ఒకే నున్నదనం నుంచి మొదలుపెట్టకపోతే నిన్నటి రేకుకీ ఇవాళ్టి రేకుకీ పోలిక ఉండదు. ఇదంతా నీకు నిద్రలో లేపినా తెలుసు. రాయలేదు, అంతే.

ఇక గరుకుకి నువ్వు పెట్టిన పేరు, 'విషమ ఉపరితలం' సంగతి. మా చిన్నప్పుడు వీధిలో ఒకాయన అరుచుకుంటూ వచ్చేవాడు, 'రోళ్ళకి, తిరగళ్ళకి కక్కు కొడతాం' అని. అరిగి నున్నబడిన తిరగట్లో పప్పు జారిపోతుంది, నలగదు. ఉలితో చిన్నచిన్న గాట్లు పెట్టేవాడు. కొడవలి పళ్ళనీ కక్కు అనే అంటారు. నీ వెండి రేకుకి ఇంతకన్నా సరైన మాట తెలుగులో నాకు కనపడలేదు. నలభై ఏళ్ళ కిందట ఒక వ్యాసంలో 'వెండికి కక్కు కొట్టి' అని రాశాను. అచ్చులో చూసుకుంటే 'రజత ఉపరితలమును విషమీకరించి' అని ఉంది. పరిగెత్తుకుంటూ వెళ్ళి అడిగితే ఆ సంపాదకుడు, 'కక్కు అంటే వాంతి కదండీ, ఉదయాన్నే కాఫీ తాగుతూ చదువుతారు' అన్నాడు. ఆ రోజు నుంచి ఆ పత్రిక గుమ్మం తొక్కలేదు. వాళ్ళూ రమ్మనలేదనుకో.

పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పాలి. తిరగలి కక్కు పప్పుని పట్టుకుంటుంది. వెండి కక్కు పట్టుకునేది వెలుగుని. 1974లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్ అనే ముగ్గురు వెండి ఎలక్ట్రోడుకి ఇలాగే వోల్టేజి ముందుకీ వెనక్కీ వందల సార్లు తిప్పి కక్కు కొట్టారు. దాని మీద అంటుకున్న పిరిడిన్ అనే రసాయనం నుంచి రామన్ వెలుగు బ్రహ్మాండంగా వచ్చింది. మామూలుగా కోటి కాంతికణాలు పడితే ఏ ఒకటో రంగు మార్చుకుని బయటికొచ్చే వ్యవహారం ఇది. ఆ మారిన రంగే అక్కడున్నది ఏ పదార్థమో చెబుతుంది. వాళ్ళు తిరగలి లెక్కే వేశారు: గరుకు పెరిగింది, చోటు పెరిగింది, ఎక్కువ అణువులు అంటుకున్నాయి, అందుకని వెలుగు పెరిగింది. 1977లో అమెరికాలో జీన్‌మెయిర్, వాన్ డైన్, ఇంగ్లండులోనే ఆల్బ్రెక్ట్, క్రైటన్ ఎవరికి వారు లెక్క కట్టి చూశారు. చోటు పెరిగింది మహా అయితే పదిరెట్లు, ఇంకొంచెం. వెలుగు పెరిగింది లక్ష రెట్లు, ఆ పైన. పైగా వందల సార్లు తిప్పనక్కర్లేదు, ఒక్కసారి మెల్లగా తిప్పితేనే ఇంకా బాగా వచ్చింది. వెండిలో ఎలక్ట్రాన్లన్నీ వెలుగుతో పాటు కలిసి ఊగడం, బుడిపెకీ బుడిపెకీ మధ్య సందులో ఆ ఊపు బలవడం, ఈ కథంతా ఆ తర్వాత తేలింది. (ఆ సందుల్ని నువ్వు 'వేడి బిందువులు' అని అనువదించావు. పేరులోనే వేడి, అక్కడ లేదు. 'సందు' అను చాలు.)

నేను ఎటు పోతున్నానో చూడు. మొదటి ముగ్గురూ కారణం తప్పు చెప్పారు. అయినా పని ఎలా చేశారో రాసిపెట్టారు: ఏ ఉప్పునీళ్ళు, ఎంత వోల్టేజి, ఎన్నిసార్లు. అది రాసి ఉంది కాబట్టే మిగతావాళ్ళు చేసి చూసి కారణం దిద్దారు. నువ్వు కారణం ఒప్పుగా రాశావు, పని మింగేశావు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అతి పొట్టి మెరుపులు కొట్టే ఫెమ్టోసెకండ్ లేజరుతో లోహపు రేకుల మీద గరుకు తెచ్చి పేలుడు పదార్థాల ఆచూకీ పడుతున్నారని నాలుగో పేజీలో రాశావు. నిజమే. అసిటోన్ లాంటి ద్రవంలో రేకుని ముంచి మరీ లేజరు కొడతారని ఒక్క ముక్క కలిపితే చదివేవాడి కళ్ళముందు ఆ పళ్ళెం కనపడేది కదా.

నాకీ బుద్ధి ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గిల్టు నగల మీద వ్యాసం రాద్దామని చిలకలపూడి వెళ్ళాను. 'ధాతు విలేపనం' అని శీర్షిక ముందే పెట్టేసుకుని వెళ్ళాను, అదీ నా తెలివి. అక్కడ పనిచేసే ముసలాయన శీర్షిక విని, 'అదేం జబ్బు బాబూ?' అన్నాడు. ఆమ్లంలో కడిగిన చేతిగాజుని ముట్టుకోబోతే చెయ్యి పట్టి లాగేశాడు. 'వేలు తగిల్తే అక్కడ పట్టదు. నీ వేలి జిడ్డు నీకు కనపడదు, దానికి కనపడుతుంది.' బస్సులో తిరిగొస్తూ రాసుకున్న పదకొండు పేజీలూ చింపేశాను. కొత్తగా రాసింది మూడు పత్రికలు తిప్పి పంపాయి, నాలుగోది వేసుకుని డబ్బులివ్వలేదు. అయినా ఆ వేలి జిడ్డు వాక్యం ఒక్కటే ఇవాళ్టికీ ఎవరో ఒకరు నాకు గుర్తుచేస్తుంటారు. అది నేను రాసింది కాదు, ఆయన అన్నది.

ఇప్పుడు నీ బ్రాకెట్ దగ్గరికి. నల్లబడటం ఏదో నామోషీ అన్నట్టు దాచావు. గాలిలో గంధకపు వాయువులు పిసరంత ఉన్నా వెండి వదలదు, పట్టుకుని నల్లబడుతుంది. మా ఆవిడ వెండి కుంకుమ భరిణెకి మూత ఊడకుండా నేను రబ్బరు బ్యాండు వేసి పెట్టాను. పండక్కి తీసి చూస్తే నడుముకి నల్లటి మొలతాడు. రబ్బర్లో ఉన్న గంధకం పని. ఆ పండగ నాకెలా జరిగిందో అడక్కు. నీ అయిదో పేజీలో పళ్ళ తొక్కల మీద థైరామ్ అనే బూజు మందుని ఈ రేకులతో పట్టొచ్చని రాశావు. ఆ మందు వెండికి అంటుకునేది ఎక్కడ? తనలో ఉన్న గంధకం దగ్గరే. రాత్రంతా నీ రేకుని పాడుచేసిన ఆకలీ, పొద్దున్న ఆ మందుని పట్టిచ్చే ఆకలీ ఒకటేనమ్మా! అయిదో పేజీలో ఒకటి, ఆరో పేజీ బ్రాకెట్లో ఇంకొకటి పెట్టుకుని, రెండూ కలపకుండా రామన్ జయజయధ్వానాలు చేస్తూ కూర్చున్నావు.

ఆ వాక్యాన్ని బ్రాకెట్లోంచి తీసి మొదటి పేజీ మొదటి లైనులో పెట్టు. ఎన్ని రేకులు పోయాయో రాయి. బంగారం నల్లబడదు కదా, మరి వెండితోనే ఎందుకు కుస్తీ పట్టావో రాయి. మీ గైడు ఏమన్నాడో కూడా రాయొచ్చు, పేరు వద్దు.

కలం పేరు గురించి, పోటీల గురించి ఏదో అడిగావు. ఆ కాగితం ఎక్కడో పెట్టాను, కనపడటం లేదు.

నల్లబడిన రేకు ఏదైనా పారెయ్యకుండా ఉంటే ఒకటి నాకు పంపు, చూడాలని ఉంది. కాగితంలో చుట్టి రబ్బరు బ్యాండు వేసినా పర్వాలేదు, దానికింక కొత్తగా జరిగేదేం లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు