పెన్నేరుకు యూరియా వేయమంటారా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. రెండెకరాల ఎర్ర నేలలో దుక్కిలో పశువుల ఎరువు వేసి, ఆగస్టు చివరి వారంలో ఎకరాకు ఏడు కిలోల చొప్పున అశ్వగంధ (పెన్నేరు) విత్తనం వెదజల్లాం. ఇప్పుడు రెండున్నర నెలల పైరు. మొక్కలు ఒత్తుగా ఉన్నాయి గానీ, రెండు పీకి చూస్తే వేరు చిటికెన వేలిలో సగం కూడా లేదు. ఆకులు జల్లెడలా అవుతున్నాయి. యూరియా వేసి వారానికో తడి ఇమ్మని పక్క పొలం రైతు అంటున్నారు. ఏం చేయాలి? ఆకు కూడా అమ్ముకోవచ్చా?

జవాబు: యూరియా బస్తా ఇంకా విప్పకపోతే అలాగే ఉంచండి, వరికి పనికొస్తుంది. పెన్నేరులో మనకు డబ్బు తెచ్చేది వేరు. నత్రజని, నీళ్లు ఎక్కువైతే పైన ఆకు నవనవలాడుతుంది, కింద వేరు ఊరదు. మురుగు నిలిస్తే కుళ్లుతుంది కూడా. దుక్కిలో వేసిన ఎరువు ఈ పంటకు చాలు. ఎండకు ఉదయం పూట కూడా ఆకు వాలి కనిపిస్తేనే ఒక పలుచని తడి ఇవ్వండి. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి తేరుకుంటే ఆ పైరుకు నీళ్లు అక్కర్లేదు.

రెండున్నర నెలలకు వేరు సన్నగా ఉండడం రోగం కాదు. వేరు ఎక్కువగా లావెక్కేది ఇకముందే. మీ చేలో అసలు లోపం విత్తనం మోతాదు. వెదజల్లితే ఎకరాకు నాలుగైదు కిలోలు చాలు. అది కూడా అయిదింతల ఇసుక కలిపి చల్లి, 25-30 రోజులకు మొక్కకూ మొక్కకూ 8-10 సెంటీమీటర్ల ఎడం ఉండేలా పలుచన చేయాలి. ఆ అదను దాటింది. అయినా గుంపుగా ఉన్నచోట బక్క మొక్కలు పీకేయండి, మిగిలినవాటికి కొంతైనా మేలు. వచ్చే ఏడాదికి మాత్రం పాత విత్తనం దాచుకోకండి, ఏడాది దాటితే మొలక బాగా పడిపోతుంది. హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) కేంద్రంలో పోషిత వంటి పెన్నేరు రకాల గురించి అడగండి.

ఇక జల్లెడ ఆకుల సంగతి. తెల్లవారి ఒక ఆకు తిప్పి చూడండి. అడుగున పసుపు పచ్చని గుడ్లు నిలబెట్టిన బియ్యపు గింజల్లా గుంపుగా కనిపిస్తాయి. పక్కనే ఒంటి నిండా ముళ్లున్న పసుపు పిల్ల పురుగులు ఈనెలు వదిలి పత్రహరితం గీకి తింటుంటాయి. ఇది వంగను తినే అక్షింతల పురుగే. పెన్నేరు కూడా వంగ, టమాట కుటుంబమే కదా. చిక్కేమిటంటే, పేనుబంకను తినే మిత్ర పురుగును కూడా మనం అక్షింతల పురుగనే అంటాం. వీపు నున్నగా అద్దంలా మెరిస్తే మిత్రుడు. సన్నని నూగుతో మసకబారినట్టుండి, చాలా నల్ల చుక్కలుంటే శత్రువు. పిల్లలతో పురుగులు ఏరించేటప్పుడు ఈ తేడా చూపించండి, లేకపోతే రెండూ డబ్బాలోకే వెళతాయి.

గుడ్ల గుంపులున్న ఆకులు తుంచి నాశనం చేయండి. 5 శాతం వేప గింజల కషాయం సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేసి, పది రోజులకు మళ్లీ చేయండి. రసాయన మందుల జోలికి వెళ్లవద్దంటాను. ఔషధాల తయారీకి వెళ్లే సరుకు ఇది. అవశేషాలు తేలితే కొనుగోలుదారు లాట్ మొత్తం తిప్పి పంపుతాడు. ఆకుల మీద చిల్లులు చూసి కంగారు పడకండి, కొద్దిపాటి ఆకు నష్టాన్ని ఈ మొక్క తట్టుకుంటుంది. అదే వాడి పడిపోయిన మొక్క కనిపిస్తే మాత్రం వేరుతో సహా పీకి చూడండి. వేరు మెత్తబడి నల్లబడితే అది వేరుకుళ్లు. ఆ మొక్కను పొలం బయట కాల్చి, ఆ చోట నీరు నిలవకుండా కాలువ తీయండి.

విత్తిన 150-180 రోజులకు, అంటే జనవరి చివరి నుంచి ఫిబ్రవరిలో తవ్వకం వస్తుంది. కాయలు ఎర్రబడి, అడుగు ఆకులు ఎండడం గుర్తు. ముందుగా అయిదారు చోట్ల తవ్వి వేరు విరిచి చూడండి. లోపల తెల్లగా పిండిలా ఉండాలి. పీచుగా సాగితే ఆలస్యమైనట్టే. తవ్విన వేర్లు కడిగి, ఏడు నుంచి పది సెంటీమీటర్ల ముక్కలు కోసి, పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టండి. తేమతో గోనెలో కడితే బూజు పడుతుంది. ఏడు సెంటీమీటర్ల పొడవు, ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల లావుతో గట్టిగా ఉన్నవి మొదటి రకం. వాటిని సన్న వేర్లలో కలిపి అమ్మితే మొత్తానికీ సన్న వేరు ధరే కడతారు. మధ్యప్రదేశ్‌లోని నీమచ్ పెన్నేరు వేరుకు పేరున్న మార్కెట్, అక్కడి ధర కనుక్కున్నాకే బేరం మాట్లాడండి.

ఆకు అమ్మకం సంగతి మరచిపోండి. 2021లో కేంద్ర ఆయుష్ శాఖ అశ్వగంధ ఆకును ఉత్పత్తుల్లో వాడవద్దని తయారీదారులకు సూచించింది. కొంటామని ఎవరైనా వస్తే, ఎక్కడ వాడతారో అడగండి. వేరు తీశాక మిగిలే ఆకు, కొమ్మలు కంపోస్టు గుంటకు వేయండి.