ఎస్పీ రోడ్డుకి వెళ్ళే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి కాంట్రాక్టు మీద సొంతంగా పని చేసుకోబోతున్నావని విని చాలా సంతోషించాను. శనివారం బెంగళూరు కంప్యూటర్ల బజారు ఎస్పీ రోడ్డుకి వెళ్ళి ల్యాప్‌టాప్, మిగతా సరంజామా కొంటానన్నావట. కొనే ముందు కాంట్రాక్టు కాగితం ఒకసారి తీసి చదువు. ల్యాప్‌టాప్ క్లయింటే పంపుతాడా, నెట్ ద్వారా వాళ్ళ కంప్యూటర్‌లోకే (వర్చువల్ డెస్క్‌టాప్) లాగినై చేయాలా, లేక నీ మెషీన్ మీదే చేయాలా? మొదటి రెండిట్లో ఏదైనా సరే, ఖరీదైన మెషీన్ నీకు అక్కర్లేదు. మూడోదైతే సెక్యూరిటీ షరతులు చూడు. డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే మెషీన్ పోయినా లోపలి ఫైళ్ళు ఎవరూ చదవలేకుండా తాళం, ఉండాలని చాలామంది అడుగుతారు. ఆ పని చేసే బిట్‌లాకర్ విండోస్ హోమ్‌లో పూర్తిగా ఉండదు, ప్రో ఎడిషన్ తీసుకోవాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకో.

ఉద్యోగంలో మెషీన్ పాడైతే ఐటీ వాళ్ళు సాయంత్రానికి ఇంకోటి ఇస్తారు, జీతం ఆగదు. ఇకమీదట అలా కాదు, మెషీన్ ఆగిన రోజు సంపాదనా ఆగుతుంది. అందుకే పై రకం ప్రాసెసర్‌కి పోసే చివరి పదిహేను వేలు మిగిల్చి, పని ఆగకుండా చూసేవాటి మీద పెట్టమంటాను.

ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. డాకర్, వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్‌లో వేరే కంప్యూటర్లున్నట్టు నడిపే సాఫ్ట్‌వేర్లు) నడిపే పనైతే 32. ‘ఇప్పుడు 8 తీసుకోండి, తరవాత పెంచుకోవచ్చు’ అని షాపువాడంటే వెంటనే ఒప్పుకోకు. స్పెసిఫికేషన్‌లో ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే ఆ ర్యామ్ దాదాపు ఎప్పుడూ బోర్డుకి సోల్డర్ చేసేసి ఉంటుంది, పెంచడం కుదరదు. స్లాటు ఉన్నా పాత రకం డీడీఆర్4 స్టిక్కు కొత్త రకం డీడీఆర్5 స్లాటులో పట్టదు. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. తరవాత అన్నది ఇప్పుడు చవక మాట కాదు. అలాగే ఇంటికొచ్చి బాగుచేసే ఆన్‌సైట్ వారంటీ ఉందో లేదో అడుగు. సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి పది రోజులు ఎదురుచూసే వారంటీ నీ పనికి సరిపోదు.

బడ్జెట్ చాలకపోతే కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ రకాలు తీసుకోవడంలో తప్పులేదు. చవక కొత్త మోడళ్ళ కన్నా వాటి కీబోర్డు, బాడీ గట్టివి. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది కాబట్టి ఇంటెల్ ప్రాసెసర్లలో 8వ జనరేషన్‌కి కిందిది ముట్టుకోకు. విండోస్ 11కి అవి అర్హం కావు. షాపులోనే ఒక అరగంట కూర్చో. మెషీన్ని రీసెట్ చేయించి నీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలుపు. సెటప్ మధ్యలో ఏదో కంపెనీ పేరు వచ్చి ఆఫీసు ఐడీతో లాగిన్ అవమంటే అది ఇంకా ఆ కంపెనీ రికార్డుల్లోనే ఉన్నట్టు. ఎంత తగ్గించినా వద్దు. నెట్ కలపకుండా చూపిస్తే ఈ సంగతి బయటపడదు. బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్) వెళ్ళి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడు. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘powercfg /batteryreport’ కొడితే బ్యాటరీ అసలు కెపాసిటీ, ఇప్పుడు నిండుతున్నది రెండూ వస్తాయి. నిండుతున్నది అసలులో 80 శాతానికి తగ్గితే కొత్త బ్యాటరీ ధర బేరంలో తగ్గించమను. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచి ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బినట్టే, అది ప్రమాదం. ఫైళ్ళు దాచే ఎస్ఎస్‌డీ డిస్క్ ఆరోగ్యం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో తెలుస్తుంది.

ఇక కరెంటు సంగతి. దీన్నే చాలామంది వదిలేస్తారు. వానాకాలంలో బెంగళూరులో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉన్నా అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి దానికేం కాదు. ఆరిపోయేది రౌటర్. అది మళ్ళీ లేచి నెట్ పట్టుకునేసరికి రెండు మూడు నిమిషాలు పోతాయి, క్లయింట్ కాల్ తెగిపోతుంది. కాబట్టి ముందు కొనాల్సింది పెద్ద ఇన్వర్టర్ కాదు, రౌటర్‌కి పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్. కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంప్స్ అని రాసుందో ఫోటో తీసుకెళ్ళు. 9 వోల్టుల రౌటర్‌కి 12 తగిలిస్తే కాలిపోవచ్చు. ఇంకో మెలిక ఉంది. ఫైబర్ తీగ నేరుగా నీ ఫ్లాట్‌లోకే వస్తే మధ్యలో తీగని ఇళ్ళకి పంచే స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు. అలా కాక ఫైబర్ కింద సెల్లార్‌లోని స్విచ్ దగ్గరే ఆగి, పైకి మామూలు ల్యాన్ కేబుల్ వస్తుంటే, ఆ స్విచ్‌కి బ్యాకప్ లేనప్పుడు నీ యూపీఎస్ వల్ల ప్రయోజనం లేదు. కనెక్షన్ పెట్టే కుర్రాణ్ణి ఇదొక్కటీ అడుగు. ఏదైనా సరే, ఫోన్‌లో వేరే కంపెనీ డేటా సిమ్ ఒకటి సిద్ధంగా పెట్టుకో.

మానిటర్‌ని కూడా నిలబెట్టాలంటే 600 వీఏ యూపీఎస్ చాలు. అందులో 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది, 100 వాట్ల లోడు మీద దాదాపు ఇరవై నిమిషాలు లాగుతుంది. రెండు మూడేళ్ళకు ఆ బ్యాటరీ మార్చాలి. ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లోహపు బాడీ తాకితే చెయ్యి జివ్వుమంటుంటే ఎర్తింగ్ లేదేమోనని అనుమానించు. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలిపించు, 2, 3 వోల్టులు దాటకూడదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా 230 దరిదాపుల్లో చూపాలి. పాత ఇళ్ళలో మూడో పిన్ను రంధ్రం ఉంటుంది గానీ వెనక తీగ ఉండదు.

మానిటర్ 24 అంగుళాల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు మారని తెర) చాలు. పనికి రెండు ప్రతులు వేరే వేరే చోట్ల ఉండాలి: ఒకటి బయటి ఎస్ఎస్‌డీలో, ఒకటి క్లౌడ్‌లో. క్లయింట్ కోడ్‌ని నీ సొంత క్లౌడ్‌లో పెట్టడానికి ఒప్పందం ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకో.

బిల్లు విషయంలో జాగ్రత్త. జీఎస్టీ నంబరు తీసుకుని ఉంటే అది బిల్లు మీద వేయించు, ల్యాప్‌టాప్ మీది 18 శాతం పన్ను, నువ్వు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గే క్రెడిట్‌గా తిరిగొస్తుంది. సెకండ్‌హ్యాండ్ బిల్లులో పన్ను విడిగా కనిపించకపోతే రాదు. ఒకే షాపులో ఒక రోజు పదివేలు దాటి నగదు ఇస్తే ఆ మొత్తం మీద ఆదాయపు పన్నులో తరుగుదల (వస్తువు ధరలో ఏటా కొంత ఖర్చుగా చూపేది) ఒప్పుకోరు. ‘మార్చిలోపు కొంటే పన్ను తగ్గుతుంది’ అని స్నేహితులు చెబుతారు. 44ఏడీఏ అని అందరూ అనే పద్ధతిలో, అంటే వచ్చినదాంట్లో సగం ఆదాయంగా చూపేటట్టయితే, కంప్యూటర్ ఖర్చు విడిగా తగ్గించుకోవడానికి లేదు, కాబట్టి ఆ తొందర అనవసరం. లెక్కలు పూర్తిగా రాసేవాళ్ళకు మాత్రం ఏడాదికి 40 శాతం తరుగుదల. కొన్న ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే 20.

శనివారం మధ్యాహ్నం రద్దీలో పరీక్షలు చేయనివ్వరు, మామూలు రోజు పొద్దున్నే వెళ్ళు. కేఆర్ మార్కెట్ మెట్రోలో దిగితే నడిచే దూరమే. యూపీఐకి మామూలుగా రోజుకు లక్ష పరిమితి, నీ బ్యాంకు ఎంత పెట్టిందో ముందురోజే చూసుకో. డబ్బా మీది సీరియల్ నంబరు, మెషీన్ అడుగునున్నది, బిల్లులో రాసింది మూడూ ఒకటేనని చూసి, అదే నంబరు తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటివరకో చదివాకే డబ్బు పంపు.

ఇట్లు,
మీ మామయ్య