ఆ 14 నిమిషాల పాట గురించి

సత్యనారాయణపురం,
విజయవాడ.

అబ్బాయ్,

నువ్వు పంపిన మీ బ్యాండ్ పాట మూడుసార్లు విన్నాను. రెండుసార్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మూడోసారి వంటింట్లో, కుక్కర్ కూతల మధ్య. ఏడో నిమిషం దగ్గర మీ పెద్దమ్మ "అయిపోయిందా?" అంది. నిజానికి అక్కడ పాట అయిపోయిందిరా. మీ కీబోర్డు కుర్రాడికే ఆ సంగతి తెలియలేదు.

"ప్రొడ్యూసర్‌ని పెట్టుకుంటే మా సౌండ్ పాడవుతుందేమో పెదనాన్నా" అని రాశావు. మన దగ్గర ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే మనిషి కదా, మీ నాన్న కూడా ఫోన్లో "ఎంత పెడతాడంట?" అనే అడిగాడు. నువ్వు చెప్పే మనిషి పని వేరు. గదిలో అందరూ ఏదో ఒకటి వాయిస్తుంటే ఊరికే కూర్చుని వినేది అతనొక్కడే. అతన్ని పెట్టుకోమనే నేనంటాను. కానీ నీ భయం ఉత్తది కాదు. ఒకప్పుడు ఒకాయన సౌండ్ నేనే పాడుచేశాను.

కాసెట్ల రోజుల్లో గవర్నర్‌పేటలో ఒక చిన్న స్టూడియోలో పనిచేసేవాణ్ణని నీకు తెలుసుగా. ఒక బుర్రకథ దళం వచ్చింది. సి-60 కాసెట్, ఒక్కో వైపు 30 నిమిషాలు. మొదటి భాగం 34 నిమిషాలు వచ్చింది. నేను బ్లేడు తీసుకుని కథకుడి మాట ఒక్కటీ పోకుండా, వంతల "తందాన తాన"లు, హాస్యగాడి అడ్డుమాటలు కోసేసి టేపు అతికించాను. సరిగ్గా సరిపోయింది. గొప్పగా పిలిచి వినిపించాను. ఆయన తలొంచుకుని చివరిదాకా విని, "బాబూ, ఇందులో నేను ఊపిరి ఎక్కడ తీసుకున్నాను?" అన్నాడు. కోసింది ఒరిజినల్ టేపునే. మళ్లీ అతికిద్దామంటే ముక్కలన్నీ చెత్తబుట్టలో కలిసిపోయాయి.

అదే బ్లేడుతో బాబ్ ఎజ్రిన్ అనే ప్రొడ్యూసర్ ఏం చేశాడో చూడు. 1979లో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 'ది వాల్' ఆల్బమ్ చేస్తున్నప్పుడు 'అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్' రెండో భాగం అతని చేతికి వచ్చింది. పాట రాసింది బ్యాండ్‌లోని రోజర్ వాటర్స్. ఉన్నది ఒకే చరణం, ఒకే పల్లవి. డ్రమ్స్‌కి డిస్కో నడక పెట్టమని చెప్పింది ఎజ్రినే. ఇంకో చరణం కావాలంటే బ్యాండ్ వాళ్లు సింగిల్స్, అంటే విడిగా విడుదల చేసే పాటలు, మాకొద్దన్నారు. అతను టేపుకి కాపీ తీసి, అదే చరణాన్ని రెండోసారి అతికించాడు. ఆ రెండోసారికి లండన్‌లో ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలు పిల్లల చేత పాడించి తెప్పించారు. ఆ డిసెంబరులో అది బ్రిటన్‌లో నంబర్ వన్. అతనూ ముందు అడిగి చేసినవాడేం కాదు. కాకపోతే కాపీ మీద చేశాడు, ఒరిజినల్ జోలికి పోలేదు. అందుకని ఏ రోజు రికార్డింగ్ ఆ రోజు రాత్రే, ఏ వాయిద్యానికి ఆ ట్రాక్ విడిగా, నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకో. అడగడానికి మొహమాటపడకు.

మీలాంటి పొడుగు పాటలవాళ్లు తెలుసుకోవాల్సింది ఎడ్డీ ఆఫర్డ్ అనే ప్రొడ్యూసర్ గురించి. యెస్ బ్యాండ్ 1972లో చేసిన 'క్లోజ్ టు ది ఎడ్జ్' 18 నిమిషాలు దాటుతుంది. వింటే ఒకే ఊపులో వాయించినట్టుంటుంది గానీ, ఆఫర్డ్‌తో కలిసి స్టూడియోలో కాసింత కాసింతగా కూర్చి, వాయించి, టేపు ముక్కలు అతికించిన పాట అది. ఆ తర్వాత 1983లో అదే యెస్ పేరుతో, ట్రెవర్ హార్న్ అనే ఇంకో ప్రొడ్యూసర్ చేతుల మీదుగా '90125' ఆల్బమ్ వచ్చింది. అందులో పాట ఒకటి మరుసటి జనవరిలో అమెరికాలో నంబర్ వన్ అయింది. రికార్డు చేసిన శబ్దపు ముక్కల్ని మళ్లీ మోగించే సాంప్లర్లు, ఠపీమని కొట్టే డ్రమ్స్. నాకు ఆ మోత ఇష్టమే, కాకపోతే అది వేరే బ్యాండ్‌లా వినిపిస్తుంది. సభ్యులూ మారారనుకో, కానీ స్టూడియో అద్దం అవతల కూర్చున్న మనిషి, అంటే ప్రొడ్యూసర్, మారడం తక్కువ సంగతేం కాదు. మీరనుకుంటున్న హైదరాబాద్ ప్రొడ్యూసర్‌ని ఖాయం చేసే ముందు ఆయన చేసిన రెండు మూడు ఆల్బమ్‌లు విను. అన్నిట్లో డ్రమ్స్ ఒకేలా వినిపిస్తే ఇంకొకరిని చూసుకో.

స్టూడియో బుక్ చేశాక కాదు, ముందే పిలువు. మీరు ప్రాక్టీసు చేసే గుణదల షెడ్డులో, ఆ రేకుల కింద చెమటలు కక్కుతూ రెండు పూటలు మీతో కూర్చోనీ. గంటల లెక్కన డబ్బు కట్టే చోట ఏ ముక్క ఉంచాలా అని వాదించుకోకూడదు. మీ గిటారూ కీబోర్డూ ఒకే స్థాయిలో కొట్టుకుంటున్నాయి, రెండూ వినబడట్లేదు. దాన్ని మిక్సింగ్‌లో సరిచేద్దామంటే కుదరదు. ఒకరు పై స్థాయికి పోవాలి, లేదా ఊరుకోవాలి. ఆ మాట మీలో ఎవరన్నా గొడవే, బయటి మనిషి అంటే వింటారు.

ఆ మొదటి రిఫ్, మళ్లీ మళ్లీ వచ్చే ఆ చిన్న ముక్క, మాత్రం ముట్టుకోనివ్వకు. తకిట తకధిమి, తకిట తకధిమి అని ఏడు అక్షరాల్లో నడుస్తోంది కదా, దాన్ని నాలుగులోకి సాపు చెయ్యమంటే ఒప్పుకోవద్దు. మీ పాట ఊపిరి అక్కడుంది. కీబోర్డు సోలో నాలుగు నిమిషాలూ ఆయనకే వదిలెయ్. డబ్బు సంగతి, ఆఖరి మాట ఎవరిదన్న సంగతి కాగితం మీద రాసుకోండి, స్నేహం స్నేహమే.

ఆదివారం పొద్దున షెడ్డుకి నేనూ వస్తాను. ఏడో నిమిషంలో కీబోర్డు ప్లగ్గు పీకేస్తాను. ఆ కుర్రాడికి ముందే చెప్పకు.

మీ పెదనాన్న