కూతురికి ఒక కోరిక ఇవ్వు

తమ్ముడూ,

నీ కథ చదివాను. యుద్ధం ముగిశాక ఒక తల్లీ కూతురూ మళ్లీ బతుకు కూడదీసుకోవడం గురించి రాయాలనుకున్నావు, బాగుంది. కానీ సగం పేజీలు బాంబులకే పోయాయి. తల్లి కాస్త ఒంటరిగా కూర్చుంటే చాలు, ఫ్లాష్‌బ్యాక్. కూతురికేమో అమ్మను ఓదార్చడం తప్ప వేరే పని లేదు.

వీలు చూసుకుని ‘గ్రబావిత్స’ చూడు. బోస్నియా సినిమా, యస్మిలా జ్బానిచ్ తీసింది. 2006లో బెర్లిన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి గోల్డెన్ బేర్ వచ్చింది. గ్రబావిత్స అంటే బోస్నియా రాజధాని సరయేవోలో ఒక పేట. 1992 నుంచి 1996 దాకా నగరం ముట్టడిలో ఉన్నప్పుడు అది ముట్టడించిన బోస్నియా సెర్బు సైన్యం చేతిలోనే ఉండేది. సినిమాలో ఆ ముట్టడి ఒక్క షాట్‌లో కూడా కనిపించదు.

మరి కథ దేనిమీద నడుస్తుంది? స్కూలు టూర్ మీద. ఎస్మా కూతురు సారాకు 12 ఏళ్లు. టూర్‌కి 200 యూరోలు కట్టాలి. తండ్రి యుద్ధంలో అమరుడని సర్టిఫికెట్ తెచ్చిన పిల్లలకు ఫీజులో రాయితీ. మా నాన్న అమరుడేగా, తీసుకురా అంటుంది సారా. తల్లి రేపు, మాపు అంటూ దాటవేస్తుంది. రాత్రిళ్లు క్లబ్బులో వెయిట్రెస్‌గా చేస్తుంది, చేబదులు అడుగుతుంది. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన మనకు సర్టిఫికెట్ టెన్షన్ ఒకరు చెప్పాలా? కాకపోతే అక్కడ ఆలస్యం చేసేది ఆఫీసు కాదు, తల్లే. అలాంటి కాగితం రాదని ఆమెకు తెలుసు. సారా పుట్టింది ఖైదీల శిబిరంలో ఆమెపై జరిగిన అత్యాచారాల వల్ల.

ఒక సీను ప్రత్యేకంగా చూడు. తల్లీకూతుళ్లు ఇంట్లో సరదాగా కుస్తీ పడుతుంటారు, ఒకటే నవ్వులు. సారా తల్లిని కింద పడేసి చేతులు రెండూ అదిమి పట్టుకుంటుంది. ఎస్మా మొహం మారిపోతుంది, ఆట అక్కడితో ఆగిపోతుంది. ఎందుకో పిల్లకు అర్థం కాదు. నీ ఫ్లాష్‌బ్యాకులన్నీ చేయలేని పని ఆ రెండు చేతులు చేశాయి.

నిజం బయటపడే తీరు కూడా గమనించు. తల్లి పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పదు. కూతురు పిస్తోలు చూపించి నిలదీస్తే, ఒళ్లు తెలియని కోపంలో మొహం మీదే అనేస్తుంది. నీ కథలో తల్లి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. దేవతని రాశావు నువ్వు, మనిషిని కాదు.

ఇంకో మాట. సినిమా వచ్చిన 2006లోనే బోస్నియా సమాఖ్యలో చట్టం మార్చి, అత్యాచారానికి గురైన స్త్రీలను యుద్ధ బాధితులుగా గుర్తించారు. యుద్ధం ఆగి అప్పటికి పదేళ్లు. మళ్లీ బతకడంలో ఈ కాగితాల బాధ ఎంత ఉంటుందో ఆలోచించు.

నీ కథలో కూతురు ఏదో ఒకటి గట్టిగా అడగాలి. చిన్నదే అయినా పర్వాలేదు, తల్లి కాదనలేనిదీ ఇవ్వలేనిదీ అయ్యుండాలి. చివర్లో కౌగిలించుకుని ఏడ్చే పేరా కొట్టెయ్. తిరగరాసి దసరా లోపు పంపు, తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య